ముందు తేలడం రానివ్వండి

స్విమ్మింగ్ పూల్ గట్టు మీద తల్లిదండ్రులు కోచ్‌ని అడిగే మొదటి ప్రశ్న మారిపోయింది. ఒకప్పుడు "మావాడికి ఈత ఎన్నాళ్లకి వస్తుందండీ?" అని అడిగేవారు. ఇప్పుడు "పోటీలకి ఎప్పుడు దింపుతారు సార్?" అంటున్నారు. ఆ పిల్లాడికి ఆరేళ్లుంటాయి. ముఖం నీళ్లలో పెట్టమంటే రెండు చేతులతో గట్టు పట్టుకుని వదలడు. కళ్లకి గాగుల్స్, తలకి సిలికాన్ టోపీ, మోకాళ్ల దాకా బిగువుగా పట్టే కాస్ట్యూమ్ తొలిరోజే వచ్చేశాయి. వాళ్ల నాన్న ఫోన్లో స్టాప్‌వాచీ తెరిచి పట్టుకుని నిలబడతాడు. నీళ్లంటే ఏమిటో ఇంకా తెలియని పసివాడికి టైమింగ్ ఎందుకయ్యా అని నాలాంటివాడు అడిగితే, "అది మీ కాలం తాతగారూ, ఇప్పుడంతా కాంపిటీషన్" అంటారు.

కాలం మారిందని నాకూ తెలుసు. నీళ్లు మాత్రం మారలేదు. మా చిన్నప్పుడు మనిషిని ఎలా తేల్చాయో, ఎలా ముంచాయో ఇప్పుడూ అలాగే చేస్తాయి. అందుకే మిగతా ఏ విషయంలో నా మాట పక్కన పెట్టినా పడతాను గానీ, ఈతలో మాత్రం ఊరుకోను.

మాది కృష్ణా డెల్టాలో కాలవ గట్టు ఊరు. 1850లలో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టినప్పుడు పుట్టిన కాలవల్లో ఒకటి మా ఊరి పక్కనుంచే పోతుంది. జూన్‌లో నీళ్లు వదిలారంటే సంక్రాంతి దాటేదాకా గట్లు ఒరుసుకుని పారేది. ఎండలు ముదిరాక కాలవ కట్టేసేవారు. అందువల్ల మా ఈత చదువు వేసవి సెలవుల్లో సాగేది కాదు, దసరా సెలవుల్లో సాగేది. వేసవిలో ఊరి చెరువు ఉండేది గానీ అందులో అడుగున బురద, తూటికాడ. పసివాళ్లని అక్కడ దిగనిచ్చేవారు కాదు.

ఆ చదువుకి ఒక వరస ఉండేది. ఎవరూ కాగితం మీద రాయలేదు గానీ ఊళ్లో పెద్ద పిల్లలందరికీ తెలుసు. మొదట రేవు మెట్ల మీద మెడ లోతు నీళ్లలో కూర్చోబెట్టేవారు. నోరు నీళ్లలో పెట్టి బుడగలు ఊదమనేవారు. తర్వాత ముక్కు మూసుకోకుండా మునిగి లేవాలి. అది వచ్చాక మెట్టు మీద పెంకుముక్క వేసి, కళ్లు తెరిచి వెతికి తీయమనేవారు. అప్పుడుగానీ నడుముకి ఎండిన సొరబుర్రలు కట్టేవారు కాదు. సొరబుర్ర దొరకనివాళ్లకి అరటిబోదె. అదీ లేకపోతే గేదె తోక. గేదె నిమ్మళంగా అవతలి గట్టుకి ఈదుతుంటే తోక పట్టుకుని కాళ్లు కొట్టుకుంటూ వెనకాలే పోవడం. కాళ్లు ఎలా ఆడించాలో ఆ తోక పట్టుకున్నప్పుడే తెలిసేది. రోజులు గడిచేకొద్దీ బుర్ర ఒకటి తీసేసేవారు, తర్వాత రెండోదీ తీసేసేవారు. వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ కదలకుండా ఉండటం వచ్చిందంటే, "ఇక వీడు పోడు" అనేవాడు మా మావయ్య. ఆ మాటే మాకు సర్టిఫికెట్.

అవతలి గట్టుకి ఈదడం ఆ తర్వాతి సంగతి. వంతెన మీంచి దూకడం దానికీ తర్వాత. ఎవడు ముందు చేరాడన్న పందెం అన్నిటికన్నా చివర. లాకుల దగ్గరకీ తూము దగ్గరకీ ఎంత ఈతగాడైనా వెళ్లకూడదని కట్టడి. అక్కడ పైకి ప్రశాంతంగా కనిపించే నీరు అడుగున లాగేస్తుంది. ఆ కట్టడి దాటినవాడికి ఇంటి దగ్గర చింతబరికె సిద్ధంగా ఉండేది.

ఈ వరసలో ఎంత తెలివి ఉందో నాకు పెద్దయ్యాక, పుస్తకాలు చదివాక, కోచ్‌లతో మాట్లాడాక తెలిసింది. ఈతలో మొదటి కష్టం చేతులదీ కాళ్లదీ కాదు, ఊపిరిది. కొత్తగా దిగిన పిల్లవాడు ఊపిరి బిగబట్టి తల పైకెత్తుతాడు. తల లేచిందంటే నడుము దిగుతుంది, తక్కెడలో ఒక సిబ్బి లేస్తే రెండోది దిగినట్టు. నడుము దిగగానే భయపడి చేతులు కొట్టుకుంటాడు, కొట్టుకునేకొద్దీ అలిసిపోతాడు. ఊపిరితిత్తుల నిండా గాలి ఉన్న మనిషి మామూలుగా నీటి మీద తేలుతాడు. ఆ నమ్మకం ఒంటికి పట్టాలంటే ముఖం నీళ్లలో ఉండాలి, ఊపిరి నీళ్లలోకి మెల్లగా వదలాలి, తల పక్కకి తిప్పినప్పుడు నోటితో గాలి పీల్చాలి. మా రేవు మెట్ల మీద ఊదిన బుడగల పని ఇదే. ఇది రాకముందే చేతులు తిప్పడం నేర్పితే, ఆ పిల్లవాడు పాతిక మీటర్లు ఎలాగో కొట్టుకుపోతాడు గానీ, ఒక్కసారి నోట్లోకి నీళ్లు పోతే అక్కడే బెంబేలు పడిపోతాడు.

మైకేల్ ఫెల్ప్స్ పేరు చెప్పని కోచ్ లేడు, ఆ పేరు తెలియని తండ్రీ లేడు. ఒలింపిక్స్‌లో 23 బంగారు పతకాలు. ఆయన మొదటిసారి పూల్‌లో దిగినప్పుడు ముఖం తడపడానికి భయపడ్డాడనీ, అందుకే ముందు వెల్లకిలా ఈత నేర్పారనీ ఎంతమంది తండ్రులకి తెలుసు? ఆ పిల్లాడి భయాన్ని ఎవరో గౌరవించారు. వెంటనే బటర్‌ఫ్లై కొట్టమనలేదు. మన పూల్‌లలో భయపడ్డ పిల్లవాణ్ణి ఏం చేస్తున్నారో నేను కళ్లారా చూశాను. రెక్కలు పట్టి లోపలికి తోసేస్తారు. "అలా తోస్తేనే వస్తుంది, మా నాన్న నన్నూ అలాగే తోశాడు" అని ఒక తండ్రి నాతో వాదించాడు. అలా తోస్తే కొంతమందికి వస్తుంది. రానివాళ్లు జన్మలో నీళ్లలోకి మళ్లీ దిగరు. వాళ్లని ఎవరూ లెక్క పెట్టరు.

ఇప్పటి వేసవి శిబిరాల సంగతి చెప్పుకుందాం. మూడు వారాల బ్యాచి. ఒక కోచ్, నీళ్ల నిండా పిల్లలు. చేతులకి గాలి నింపిన ప్లాస్టిక్ బెలూన్లు తొడుగుతారు. మీ సొరబుర్రలకీ వీటికీ తేడా ఏముంది తాతయ్యా అని మా మనవడే అడిగాడు. తేడా ఉందిరా. సొరబుర్ర నడుముకి కట్టేవాళ్లం కాబట్టి ఒళ్లు నీటి మీద బోర్లా పరుచుకునేది. చేతులకి తొడిగిన బెలూన్లు పిల్లవాణ్ణి నీళ్లలో నిట్టనిలువునా వేలాడదీస్తాయి. మునిగిపోయేవాడు ఎలా ఉంటాడో అచ్చం ఆ భంగిమే అలవాటవుతుంది. పైగా వాటిలో గాలి దిగిపోవచ్చు, చెయ్యి జారిపోవచ్చు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం వాళ్లు కూడా వీటిని రక్షణ సాధనాలుగా నమ్మవద్దనే చెబుతారు. మన దగ్గర అవి తొడిగేసి తల్లి ఫోన్లో మునిగిపోతుంది.

మునిగే పిల్లవాడు కేకలు వేస్తాడని అందరూ అనుకుంటారు. సినిమాల్లో చూసింది అదే. నిజానికి కేక వేయడానికి ఊపిరి కావాలి, అది అతనికి ఉండదు. తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టానికి పైనా కిందా ఆడుతూ, చేతులు పక్కలకి నీటిని నొక్కుతూ నిశ్శబ్దంగా పోతాడు. ఒక నిమిషం కూడా పట్టదు. పక్కనే పదిమంది ఉన్నా ఆడుకుంటున్నాడనుకుంటారు. అందుకే ఈత రాని చిన్నపిల్ల నీళ్లలో ఉంటే పెద్దవాళ్లు చెయ్యి చాపితే అందేంత దూరంలో, వాళ్లూ నీళ్లలోనే ఉండాలి. గట్టు మీద కుర్చీలో కూర్చోవడం కాపలా కాదు.

మా రోజులన్నీ బంగారమని నేను చెప్పను. మా ఊళ్లో ప్రతి వీధిలోనూ నీళ్లకి పోయిన పిల్లవాడి పేరు ఒకటి ఉండేది. విధి అని సరిపెట్టుకునేవారు. పైకి తీసినవాణ్ణి బోర్లా వేసి కడుపు నొక్కేవారు, కాళ్లు పట్టుకుని తలకిందులుగా తిప్పేవారు. కొన్ని ఊళ్లలో కుమ్మరి సారె మీద వేసి తిప్పారని కూడా విన్నాను. నీళ్లు కక్కిస్తే బతుకుతాడని నమ్మకం. ఆగిపోయింది ఊపిరి. కాబట్టి ముందు నోటితో ఊపిరి ఊదాలి, తర్వాత ఛాతీ మీద నొక్కాలి, ఆపకుండా చేస్తూ ఉండాలి, ఎవరో ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఇది మా ఊళ్లో ఎవరికీ తెలియక ఎంతమంది పోయారో.

ఇక ఆడపిల్లల సంగతి. రోజూ రేవుకి బిందెలతో వెళ్లేది వాళ్లు, బట్టలు ఉతికేది వాళ్లు, గేదెల్ని కడిగేది వాళ్లు. ఈత నేర్చుకునేది మాత్రం మగపిల్లలం. బిందె ముంచబోయి కాలు జారి పోయిన ఆడపిల్ల కథ డెల్టాలో ఏ ఊరికి వెళ్లినా వినిపిస్తుంది. నీళ్లతో ఎక్కువ పని ఉన్నవాళ్లకే ఆ విద్య లేకుండా చేశాం. ఈ ఒక్క విషయంలో ఇవాళ్టి పూల్‌లకి నేను దణ్ణం పెడతాను. మా మనవరాలు లోతు నీళ్లలో వెల్లకిలా పడుకుని కబుర్లు చెబుతుంటే, ఆ భాగ్యం మా అమ్మకి ఎందుకు లేకపోయిందా అనిపిస్తుంది.

సామర్లకోటలో పుట్టిన గోలి శ్యామల గారు నడివయసులో, నీళ్లంటే ఉన్న భయం పోగొట్టుకోవడానికి ఈత మొదలుపెట్టారు. 2021లో శ్రీలంక నుంచి ధనుష్కోటికి పాక్ జలసంధి ఈదారు. 2025 జనవరిలో, 52 ఏళ్ల వయసులో, విశాఖ నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్ల సముద్రపు ఈత పూర్తిచేశారు. పిల్లకి ఎనిమిదేళ్లు దాటాయి, ఇక పోటీలకి లేటయిపోయిందని బెంగపడే తల్లులకి ఆవిడ పేరు నేను పదే పదే చెబుతాను.

నీళ్లలో పడి చనిపోయేవాళ్లు ప్రపంచంలో ఏటా ఇంచుమించు 3 లక్షల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో లెక్క చెప్పింది. 5 నుంచి 14 ఏళ్ల పిల్లల చావులకి కారణాల్లో ఇది మూడోది. మన దేశంలోనే ఏటా 30 వేలకు పైగా పోతున్నారు. జులై 25ని ఐక్యరాజ్య సమితి దీనికోసమే ఒక దినంగా పెట్టింది. ఆరేళ్లు దాటిన ప్రతి బడిపిల్లకీ ఈతా, నీటి దగ్గర జాగ్రత్తా, ఎదుటివాణ్ణి ప్రమాదం లేకుండా కాపాడటమూ నేర్పమని ఆ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎదుటివాణ్ణి కాపాడటమంటే దూకడం కాదు. కర్ర అందించడం, తాడు విసరడం, చీర విసరడం, ఖాళీ క్యాన్ విసరడం. మునిగేవాడు పట్టుకున్నవాణ్ణి కూడా ముంచేస్తాడు. ఒకరి కోసం ఒకరు దిగి ముగ్గురూ నలుగురూ పోయిన వార్త ప్రతి వేసవిలోనూ పేపర్లో చదువుతున్నాం. మూడు వారాల బ్యాచిలో ఈ పాఠం ఎక్కడైనా ఉందా? నేను అడిగిన ఏ శిబిరంలోనూ లేదు. ఫ్రీస్టైల్ ఉంది, ఆఖరి రోజు పోటీ ఉంది, మెడల్ ఉంది.

పోటీలంటే నాకు పడదనుకోకండి. నేను పోటీలు చూడటానికి బస్సెక్కి వెళ్లేవాణ్ణి. సచిన్ నాగ్ 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో బంగారు పతకం తెచ్చిన సంగతి మా లెక్కల మాస్టారు చెబితే మాకు ఒళ్లు పులకరించేది. ఆసియా క్రీడల్లో భారతదేశానికి అదే తొలి స్వర్ణం. ఆ మనిషి కాశీలో గంగలో ఈదుతూ పెరిగినవాడు. ఆరతీ సాహా కలకత్తాలో గంగ ఘాట్‌లో స్నానానికి వెళ్తూ ఈత పట్టిన పిల్ల. ఆ పిల్లలోని ఈతని గుర్తుపట్టి తీర్చిదిద్దినవాళ్లలో ఈ సచిన్ నాగ్ ఒకరు. పన్నెండేళ్లు నిండకుండానే 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌కి వెళ్లింది. 1959 ఆగస్టులో ఇంగ్లిష్ చానెల్ ఈదబోయి పూర్తిచేయలేకపోయింది, సెప్టెంబరు 29న మళ్లీ దిగి ఈదేసింది. ఆసియా ఆడవాళ్లలో ఆవిడే మొదటిది. వీళ్లెవరికీ నీళ్లు కొత్త కాదు. వేగం తర్వాత వచ్చింది.

సచిన్ నాగ్ కాలం తర్వాత ఆసియా క్రీడల ఈతలో మనకి మళ్లీ పతకం రావడానికి 1986 దాకా ఆగాల్సి వచ్చింది, ఖజాన్ సింగ్ సియోల్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లైలో వెండి తెచ్చేదాకా. ఆ తర్వాత 2010లో వీర్‌ధవల్ ఖాడే కంచు. 2021లో సాజన్ ప్రకాశ్ అదే 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1 నిమిషం 56.38 సెకన్లలో ఈది, ఒలింపిక్స్‌కి నేరుగా అర్హత సాధించిన తొలి భారతీయ ఈతగాడయ్యాడు. అప్పటికి అతనికి 27 ఏళ్లు. పదేళ్లకే పతకం రాలేదని పిల్లవాణ్ణి పూల్ మాన్పించి వేరే ఆటలో చేర్చే తండ్రులు ఈ వయసు గుర్తుపెట్టుకోవాలి. పదకొండేళ్ల గ్రూపులో గెలిచేది చాలాసార్లు ముందుగా పొడుగెదిగిన పిల్లవాడు. పదహారేళ్లకి మిగతావాళ్లూ ఎదుగుతారు. అప్పుడు నిలిచేది నీటిని సరిగ్గా పట్టడం తెలిసినవాడు.

పోటీల్లో కొత్తగా చేరే పిల్లల విషయంలో నాకున్న మొదటి ఫిర్యాదు దూకడం గురించి. స్టార్టింగ్ బ్లాక్ మీంచి తలకిందులుగా దూకడం చూడ్డానికి బావుంటుంది, వీడియోకి బావుంటుంది. బ్లాక్‌లు ఉన్నచోట గోడ దగ్గర మీటరు నుంచి ఆరు మీటర్ల దాకా కనీసం 1.35 మీటర్ల లోతు ఉండాలని అంతర్జాతీయ నియమం. మన అపార్ట్‌మెంట్ పూల్‌లు చాలావాటిలో లోతు నాలుగడుగులు. అంటే 1.2 మీటర్లు. అది బ్లాక్ కూడా లేని పూల్. అలాంటి చోట గట్టు మీంచి పిల్లలతో డైవ్‌లు కొట్టిస్తున్నారు. తల అడుక్కి తగిలితే మెడ విరుగుతుంది, బతికినా మంచాన పడతారు. మేము వంతెన మీంచి దూకేవాళ్లమే. కాకపోతే ముందు ఒకడు కాళ్లతో దిగి అడుగు తడిమి వచ్చేవాడు, ఆ తర్వాతే మిగతావాళ్లం. ఆ పాటి జాగ్రత్త కూడా ఇప్పుడు లేదు. దూకడానికీ ఒక వరస ఉండాలి. ముందు పిల్ల గట్టు మీద కూర్చుని దూకడం, తర్వాత మోకాలి మీద, తర్వాత నిలబడి, చివరికి బ్లాక్ మీంచి. ప్రతిదీ లోతు నీళ్లలోనే. దీనికి నెలలు పడితే పట్టనివ్వండి. తొలి పోటీల్లో నీళ్లలోంచే మొదలుపెట్టనిమ్మని అడిగితే చిన్నపిల్లలకి ఒప్పుకునే నిర్వాహకులు ఉన్నారు, అడగండి.

రెండోది కాస్ట్యూమ్. 2009లో రోమ్ ప్రపంచ పోటీల్లో పాలియురెథేన్ సూట్లు వేసుకుని 43 ప్రపంచ రికార్డులు బద్దలుకొట్టారు. ఈదింది మనిషా, సూటా అని గొడవ లేచి 2010 నుంచి వాటిని నిషేధించారు. మగవాళ్లకి నడుము నుంచి మోకాళ్ల దాకా, ఆడవాళ్లకి భుజాల నుంచి మోకాళ్ల దాకా, అదీ నేసిన గుడ్డతోనే అని కట్టడి పెట్టారు. అందులోనూ ఖరీదైన రేసింగ్ సూట్లని 12 ఏళ్లు, అంతకు లోపు పిల్లలు వేసుకోకూడదని అమెరికా ఈత సంఘం 2020లో ఆపేసింది. ఆ డబ్బున్న దేశమే వద్దంటుంటే మన ఊళ్లో తొమ్మిదేళ్ల పిల్లకి వేల రూపాయలు పోసి కొంటున్నారు. ఆ పిల్ల ఇంకా గోడ దగ్గర సరిగ్గా తిరగలేదు. ఒక మామూలు కాస్ట్యూమ్, ఒక టోపీ, కళ్లకి సరిపోయే గాగుల్స్ ఉంటే ఏళ్ల తరబడి సరిపోతాయి. చేతులకి తొడిగే ప్యాడిల్స్‌ని అసలే చిన్నపిల్లలకి ఇవ్వకండి. లేత భుజాల మీద బరువు పెరుగుతుంది. ఈతగాళ్లకి వచ్చే భుజం నొప్పి చాలావరకు భుజాన్ని అతిగా వాడటం వల్లనే.

ఇంకొకటి ఉంది. పిల్ల ఫ్రీస్టైల్‌లో కాస్త ముందుంటే చాలు, మిగతావి మాన్పించేసి అదొక్కటే కొట్టిస్తున్నారు. నాలుగు ఈతలూ నేర్పాలి. ఫ్రీస్టైల్, అంటే మా బార ఈత, ఒక్కటే వచ్చినవాడి భుజం ఒకే తీరున అరుగుతుంది. వెల్లకిలా ఈత వచ్చినవాడికి నీటి మీద ఒళ్లు నిలకడగా ఉంటుంది. బ్రెస్ట్‌స్ట్రోక్ మా కప్ప ఈతకి నాగరికమైన అన్న, దాంట్లో ఓపిక తెలుస్తుంది. బటర్‌ఫ్లై నడుము బలం. మెడ్లీ పోటీలో ఈ నాలుగూ వరసగా కొట్టాలి, బటర్‌ఫ్లైతో మొదలై ఫ్రీస్టైల్‌తో ముగుస్తుంది. పదేళ్ల లోపు పిల్ల ఏది బాగా కొడుతుందో ఎవరికీ తెలియదు, కోచ్‌కి కూడా.

మొదటి పోటీలో పిల్లలు డిస్‌క్వాలిఫై అవుతారు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో, బటర్‌ఫ్లైలో గోడని రెండు చేతులతో ఒకేసారి తాకాలి, ఒక చేత్తో తాకితే పోయింది. స్టార్ట్ సిగ్నల్ కన్నా ముందు కదిలితే పోయింది. నీటి అడుగున 15 మీటర్లు దాటి పోతే పోయింది. పిల్లకి ఈ నియమాలు ముందుగా చెప్పి, పొరపాటయితే ఏమీ కాదని కూడా ముందుగానే చెప్పాలి. ఒక తల్లి గట్టు మీదే పిల్లని కొట్టడం చూశాను, చేతితో తాకడం మర్చిపోయిందని. ఏడుస్తున్న పిల్లకి తువ్వాలు ఇచ్చింది పక్క లేన్‌లో ఈదిన పిల్ల. ఆ తల్లి మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

పూల్‌లు కూడా ఎన్ని ఉన్నాయి? బెజవాడ మధ్యగా ఏలూరు కాలవ, రైవస్ కాలవ, బందరు కాలవ పోతాయి. మూడింటిలోనూ ఇప్పుడు మురుగు కలుస్తోంది, గుర్రపుడెక్క పేరుకుంటోంది. వాటిలో పిల్లని దించే ధైర్యం నాకే లేదు. నీళ్ల మధ్య ఉన్న ఊళ్లో పిల్లలకి ఈత నేర్చుకోవడానికి నీళ్లు లేకుండా పోయాయి. డబ్బున్నవాళ్లకి అపార్ట్‌మెంట్ పూల్, మిగతావాళ్లకి మునిసిపల్ పూల్ ముందు క్యూ. పల్లెటూరి పిల్లలకి అదీ లేదు, కాబట్టి వాళ్లే క్వారీ గుంటల్లో, చేపల చెరువుల్లో పోతున్నారు. బంగ్లాదేశ్ డబ్బున్న దేశమేమీ కాదు. అక్కడ ఊరి చెరువులోనే వెదురుతో తడికె, కింద వెదురు అరుగు కట్టి, అందులో పిల్లలకి ఈత నేర్పుతున్నారు. లోతు పిల్లల ఎత్తుకి తగ్గట్టు ఉంటుంది, నేర్పేది ఆ ఊరి కుర్రవాళ్లే. మన పంచాయతీలకి చెరువులు లేవా, వెదుర్లు లేవా, ఈత వచ్చిన కుర్రవాళ్లు లేరా? స్కూళ్లలో ఆటల పీరియడ్‌లో ఇది ఎందుకు లేదు?

ఇక అసలు విషయం. పోటీల జట్టులో చేరే ప్రతి పిల్లకీ ముందు ఒక పరీక్ష ఉండాలని నేను మా పూల్‌లో అడుగుతున్నాను. అమెరికా రెడ్‌క్రాస్ వాళ్లు ఐదు పనులు పెట్టారు. తల మునిగేంత లోతు నీళ్లలో దూకి పైకి రావాలి. ఒక నిమిషం పాటు తేలుతూ లేదా ఉన్నచోటే కాళ్లాడిస్తూ ఉండాలి. గుండ్రంగా తిరిగి బయటికి దారి ఎటుందో చూసుకోవాలి. పాతిక గజాలు ఈదాలి. నిచ్చెన లేకుండా గట్టెక్కాలి. ఈ ఐదూ మా ఊళ్లో పదేళ్ల పిల్లవాడికి వచ్చేవి. నేను చూసిన పోటీ పిల్లల్లో, మెడల్ ఉన్నవాళ్లలో కూడా, నిమిషం పాటు కదలకుండా తేలలేనివాళ్లు ఉన్నారు. గోడ నుంచి గోడకి మహా వేగంగా పోతారు, మధ్యలో ఆగమంటే ఆగలేరు. గోదావరిలో పడవ తిరగబడితే అక్కడ గోడ ఉండదు.

మా పూల్‌లో సాయంత్రం అయిదున్నర నుంచి ఎనిమిది దాకా లేన్‌లన్నీ పోటీ జట్టువి. కొత్తగా నేర్చుకునే పసివాళ్లకి మిట్టమధ్యాహ్నం ఎండలో, తక్కువ లోతులో, ఒక మూల. ఆదివారం పొద్దున గంటసేపు లోతు వైపు రెండు లేన్లు మొదటిసారి దిగేవాళ్లకి వదలాలని, ఆ గంటలో ఆడపిల్లల బ్యాచికి ఆడ కోచ్‌నే పెట్టాలని, పోటీ జట్టులో చేర్చుకునే ముందు ఆ ఐదు పనుల పరీక్ష పెట్టాలని పూల్ ఆఫీసుకి కాగితం రాశాను. పోటీ పిల్లల తండ్రుల్లో కూడా కొందరు సంతకం పెట్టారు, స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడే ఆయనతో సహా. ఇంకా జవాబు రాలేదు. వచ్చే సోమవారం మళ్లీ ఆఫీసుకి వెళ్తున్నాను. ఈసారి నావెంట తల్లులు కూడా వస్తామన్నారు.